రోగి మాట వినడానికి కూడా శిక్షణ కావాలి



అంబత్తూరు నుంచి నగరికి పెద్ద దూరం లేదు. ఇక్కడ లోకల్ రైలు ఎక్కితే తిరువళ్ళూరు, అరక్కోణం దాటి తిరుత్తణిలో దిగవచ్చు. అక్కడినుంచి నగరికి బస్సు ఉంది. 1960లో సరిహద్దు సర్దుబాటు జరిగినప్పుడు తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోకి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రలోకి వెళ్ళాయి. మన చుట్టరికాలు మాత్రం ఆ గీత చూసుకుని కుదిరినవి కావు. పెళ్ళిళ్ళకు అటు వెళతాం, వైద్యానికి ఇటు వస్తాం. అలా వైద్యానికి వచ్చిన మా మేనమామ గురించి చెప్పి, ఈనాటి విషయంలోకి వెళతాను.

కొన్నేళ్ళ క్రితం మాట. మా అత్తయ్య పోయిన తరువాత మామయ్య తిండి తగ్గించారు, నిద్ర పోయింది, మనుషులతో మాట్లాడడం మానేశారు. నేను వెళ్ళి అంబత్తూరుకు తీసుకువచ్చి ఒక శుక్రవారం నాడు ఆసుపత్రిలో చూపించాను. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. యువ వైద్యుడు మంచివాడే. తమిళంలో గబగబా పది ప్రశ్నలు అడిగాడు. మామయ్యకు తమిళం కొంత వచ్చు, చెవి మాత్రం సరిగ్గా వినబడదు. ఆయన సగం ప్రశ్నలకు మౌనంగా ఉన్నారు. చివరికి వైద్యుడు, ఆసుపత్రిలో చేరాలి, 'అవసరం' అన్నాడు. మామయ్య తల ఊపారు. పది నిమిషాల తరువాత మంచం సిద్ధం చేసి రమ్మంటే చెయ్యి విదిలించుకున్నారు. కాగితం మీద వైద్యుడు ఇలా రాసుకున్నాడు: ఒకసారి ఒప్పుకుంటున్నాడు, మరోసారి కాదంటున్నాడు, విషయం అర్థం కావడం లేదు. నన్ను పిలిచి దరఖాస్తు చేతికిచ్చాడు. నేను సంతకం పెట్టేశాను.

జరిగింది ఏమిటంటే, తమిళంలో 'అవసరం' అంటే తొందర, వెంటనే కావాలి అని. తెలుగులో అవసరం అంటే కావలసినది అని. వైద్యుడు 'ఇప్పుడే చేరాలి' అన్నాడు. మామయ్య 'చేరడం కావలసిందే' అని విని తల ఊపారు. రెండు భాషల్లోనూ పాఠాలు చెప్పే నేను పక్కనే కూర్చుని కూడా ఆ తేడా పట్టుకోలేకపోయాను. మన ఇంటి మనిషికి ఏది మంచిదో మనకు ముందే తెలుసనుకున్నప్పుడు, ఆయన ఏమంటున్నారో మన చెవికి ఎక్కదు.

శ్రోతలారా, ఒక మనిషి తన వైద్యం గురించి తానే నిర్ణయించుకోగల స్థితిలో ఉన్నాడా లేదా అని తేల్చడాన్ని నిర్ణయ సామర్థ్యాన్ని అంచనా వేయడం అంటారు. వైద్యులు, నర్సులు, మానసిక శాస్త్ర నిపుణులు, సామాజిక కార్యకర్తలు ఈ పని నేర్చుకోవాలి. పైకి చిన్న పనిలా కనబడుతుంది. కాని 'సామర్థ్యం లేదు' అని ఒక మాట రాస్తే, ఆ మనిషి సంతకానికి విలువ పోయి పక్కవాడి సంతకానికి విలువ వస్తుంది. అందుకే ఆ మాట రాసేవారికి శిక్షణ కావాలి, రాసిన తరువాత దానిపై కాపలా కూడా కావాలి.

మన దేశంలో ఈ ఆలోచన రావడానికి చాలా కాలం పట్టింది. చెన్నైలో మానసిక వైద్యానికి పాత చరిత్ర ఉంది. కీల్పాక్ మానసిక ఆరోగ్య సంస్థ తన మొదలును 1794 నుంచి లెక్కిస్తుంది. అయినా 1912 నాటి చట్టం పేరులోనే 'పిచ్చి' అనే అర్థం వచ్చే మాట ఉండేది. 1987లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలుకు వచ్చింది. అందులో ఆసుపత్రుల లైసెన్సులు, చేర్చుకునే పద్ధతులు ఉన్నాయి గాని, రోగి నిర్ణయ సామర్థ్యాన్ని ఎలా చూడాలన్న వివరణ లేదు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకుంది. అక్కడ మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచారు. తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. వారిలో చాలామందిని అక్కడికి తెచ్చి వదిలింది సొంత కుటుంబాలే. అందరూ చెడ్డవారని నేను అనను. ఏం చేయాలో తెలియనివారు, దగ్గరలో వైద్యం దొరకనివారు చాలామంది ఉంటారు. కాని ఆ గొలుసు వేసేముందు ఆ మనిషిని ఏ ఒక్కరైనా అడిగారా అన్నది ప్రశ్న.

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. దాని వెలుగులో వచ్చిందే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. ఇది 2018 నుంచి అమలులో ఉంది. రోగిని ఏ విధంగానైనా సరే గొలుసులతో కట్టడాన్ని ఇది నిషేధించింది. జబ్బు ఉన్నదని తేలినంత మాత్రాన ఆ మనిషి మతి స్థిమితం లేనివాడని అర్థం కాదని, అలా ప్రకటించే అధికారం కోర్టుదేనని స్పష్టం చేసింది.

ఈ చట్టంలో నాలుగవ సెక్షన్ మన విషయానికి గుండెకాయ. మానసిక జబ్బు ఉన్నవారితో సహా ప్రతి ఒక్కరికీ తమ చికిత్స గురించి నిర్ణయించుకునే సామర్థ్యం ఉన్నట్టే భావించాలని అది చెబుతుంది. అందుకు చూడవలసినవి మూడు. చికిత్సకు సంబంధించిన సమాచారాన్ని అర్థం చేసుకోగలగడం మొదటిది. ఆ నిర్ణయం తీసుకుంటే, లేదా తీసుకోకపోతే, ముందు ముందు ఏమవుతుందో గ్రహించగలగడం రెండవది. తన నిర్ణయాన్ని మాటతోనో, సైగతోనో, ముఖ కవళికతోనో, మరే విధంగానో తెలియజేయగలగడం మూడవది. చట్టం వాక్యంలో ఈ మూడింటి నడుమ 'లేదా' అనే మాట ఉంది. మూడూ ఉండాలా, ఒకటి చాలునా అని నిపుణులు చర్చించారు. ఎలా చదివినా చట్టం మొగ్గు రోగి వైపే ఉన్నదని తెలుస్తూనే ఉంది.

అదే సెక్షన్‌లో మరో రెండు మాటలున్నాయి. సమాచారాన్ని ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, తేలిక మాటల్లో చెప్పాలి. కావాలంటే సైగల భాషలో, బొమ్మలతో, మరే సాధనంతోనైనా చెప్పాలి. ఇక రెండవది: ఇతరుల కళ్ళకు ఆ నిర్ణయం తప్పుగా కనిపించినంత మాత్రాన ఆ మనిషికి సామర్థ్యం లేదనడానికి వీల్లేదు. చేరనన్నాడు కాబట్టి తెలివి లేదు, తెలివి లేదు కాబట్టి చేరనన్నాడు అనే గానుగ చుట్టూ తిరగకూడదన్నమాట.

సరే, ఇది ఎలా పరీక్షిస్తారు? నేను బి.ఇడి. చదివేటప్పుడు మాకు నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి గుర్తుకొస్తుంది. తరగతి మొత్తాన్ని 'అర్థమైందా?' అని అడగవద్దు అనేవారు. అడిగితే అందరూ 'అర్థమైంది టీచర్' అంటారు. పిల్లవాడిని లేపి, 'నీ మాటల్లో చెప్పు' అనాలి. చెప్పలేకపోతే ముందు నీ పాఠాన్ని నువ్వు తిరిగి చూసుకో, తరువాత పిల్లవాడిని చూడు అనేవారు. నిర్ణయ సామర్థ్యం అంచనా వేసేవారికి ఇచ్చే శిక్షణలోనూ సారం ఇదే.

మొదట, ఏ నిర్ణయం గురించి అడుగుతున్నాం? సామర్థ్యం అనేది మనిషికి మొత్తంగా ఉండేది, లేనిది కాదు. ఒక మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది నిర్ణయించుకోగల మనిషి, పెద్ద ఆపరేషన్ గురించి తేల్చుకోలేకపోవచ్చు. రెండవది, ఏ సమయంలో? మత్తు మందు తీసుకున్న రాత్రి చెప్పలేనిది, మర్నాడు పొద్దున కాఫీ తాగాక చక్కగా చెప్పవచ్చు. తొందర లేని విషయమైతే ఆగాలి. మూడవది, అడ్డంకులు తీసివేశామా? కళ్ళజోడు ఉందా, వినికిడి యంత్రం ఉందా, గది నిశ్శబ్దంగా ఉందా, పక్కన భయపెట్టే మనిషి ఎవరైనా ఉన్నారా? నాలుగవది, సమాచారాన్ని ముక్కలు ముక్కలుగా చెప్పి, ప్రతి ముక్క తరువాత రోగి నోటి నుంచి తిరిగి చెప్పించుకోవడం. ఐదవది, 'ఎందుకు?' అని అడగడం. 'వద్దు' అన్న మాటకన్నా, వద్దనడానికి చెప్పే కారణంలోనే ఆలోచన కనబడుతుంది. ఆఖరిది, రోగి అన్న మాటను రోగి మాటల్లోనే రాయడం. 'అర్థం కావడం లేదు' అని రాస్తే అది రాసినవారి తీర్పు. ఏం అడిగారు, ఏం చెప్పాడు అని రాస్తే మరొకరు చదివి సరిచూడవచ్చు.

1990లలో అమెరికాలో గ్రిస్సో, అపెల్‌బామ్ అనే ఇద్దరు నిపుణులు ఇందుకోసం ఒక ముఖాముఖి పద్ధతిని రూపొందించారు. పదిహేను ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. దానికి మార్కులున్నాయి గాని పాసు మార్కు లేదు. మార్కులు కూడి ముప్పై ఐదు వస్తే సామర్థ్యం ఉన్నట్టు, ముప్పై నాలుగు వస్తే లేనట్టు అని చెప్పదు. పరిస్థితినంతా చూసి మనిషే నిర్ణయించాలి. పరీక్ష పేపర్లు దిద్దే మాకు ఇది కొంచెం వింతగా ఉంటుంది. కాని ఆలోచిస్తే అదే సబబు.

శిక్షణలో గట్టిగా చెప్పవలసిన పొరపాట్లు కొన్ని ఉన్నాయి. ఈ రోజు తేదీ ఎంత, ప్రధానమంత్రి ఎవరు అనే ప్రశ్నలు జ్ఞాపకశక్తిని చూస్తాయి, అవి చెప్పలేనివారు కూడా తమ వైద్యం గురించి చెప్పగలరు. వయసు మీద పడింది కదా అని, చదువు లేదు కదా అని తీర్మానించడం మరో పొరపాటు. అన్నిటికంటె కంటికి కనబడనిది ఇంకొకటి ఉంది. ఎదురు చెప్పిన రోగినే మనం పరీక్షిస్తాం. తల ఊపినవారిని ఎవరూ పరీక్షించరు. ఏమీ తెలియకుండానే వేలిముద్ర వేసిన ముసలమ్మకు సామర్థ్యం ఉందా అని ఎవరికీ అనుమానం రాదు. అర్థం చేసుకోని ఒప్పుదల కూడా ఒప్పుదల కాదు.

ఇప్పుడు కాపలా సంగతి. సామర్థ్యం లేదని తేలితే ఆ మనిషిని ఇష్టం వచ్చినట్టు లోపల ఉంచవచ్చా? లేదు. ఇతరుల దరఖాస్తు మీద చేర్చుకోవాలంటే ఒక మానసిక వైద్యుడు, మరొక మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా వైద్యుడు విడివిడిగా పరీక్షించాలి. తనకు తాను హాని చేసుకోబోవడమో, ఇతరులపై దాడి చేయడమో, తనను తాను చూసుకోలేక ప్రమాదంలో పడడమో ఉండాలి. అలా చేర్చుకున్నది ముప్పై రోజులకు మించకూడదు, మించాలంటే వేరే నిబంధనలున్నాయి. ప్రతినిధి సమ్మతితో చికిత్స నడుస్తుంటే, రోగి తానే సమ్మతి చెప్పగల స్థితికి వచ్చాడా అని ఏడు రోజులకొకసారి తిరిగి చూడాలి. ముప్పై రోజులు దాటిన చేరికల్లో పదిహేను రోజులకొకసారి చూడాలి. చేర్చుకున్న సంగతి మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి తెలపాలి: స్త్రీలు, మైనర్ల విషయంలో మూడు రోజుల్లో, ఇతరుల విషయంలో ఏడు రోజుల్లో. రోగి ఆ మండలికి మొర పెట్టుకోవచ్చు, ఉచిత న్యాయ సహాయం కోరవచ్చు. ప్రాణాపాయం వంటి అత్యవసర పరిస్థితిలో మాత్రం ఏ వైద్యుడైనా డెబ్బై రెండు గంటల వరకు చికిత్స చేయవచ్చు. అప్పుడు కూడా ప్రతినిధి అందుబాటులో ఉంటే ఆయన సమ్మతి తీసుకోవాలి.

ప్రతినిధి అన్నాను. మేజరైన ఎవరైనా సరే తెల్ల కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి, తన తరఫున మాట్లాడే మనిషిని ముందే నియమించుకోవచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. జబ్బు చేస్తే నాకు ఏ వైద్యం కావాలి, ఏది వద్దు అని ముందస్తు ఆదేశం కూడా రాసి పెట్టుకోవచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ పని చేసుకుంటే, కష్టం వచ్చినప్పుడు అన్నదమ్ముల మధ్య తగవు ఉండదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ చట్టం కింద చూసే సామర్థ్యం వైద్యానికి సంబంధించినది మాత్రమే. ఆసుపత్రి కాగితం చూపించి పొలం రాయించుకుంటామంటే కుదరదు. వికలాంగులకు ఆస్తిపై, బ్యాంకు వ్యవహారాలపై ఇతరులతో సమానమైన హక్కు ఉన్నదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతుంది. సంరక్షకుడు తప్పనిసరి అయినప్పుడు కూడా, ఆ మనిషితో కలిసి నిర్ణయించే పరిమిత సంరక్షణనే ఆ చట్టం పేర్కొంది.

బయటి దేశాల్లో ఎలా ఉందో ఒక్క ఉదాహరణ చూద్దాం. ఇంగ్లండు, వేల్స్‌లకు 2005లో మానసిక సామర్థ్య చట్టం వచ్చింది. అక్కడ అది వైద్యానికే కాదు, డబ్బు, నివాసం వంటి విషయాలకూ వర్తిస్తుంది. అర్థం చేసుకోవడం, గుర్తుంచుకోవడం, బేరీజు వేయడం, చెప్పగలగడం అనే నాలుగూ చూస్తారు. మాట్లాడలేని ఒక ఆటిజం వ్యక్తిని 1997లో ఆసుపత్రిలో ఉంచేశారు. ఆయన ఎదురు చెప్పలేదు కాబట్టి ఏ విచారణా జరగలేదు. ఆయన బాగోగులు చూసుకునేవారు కోర్టుల చుట్టూ తిరిగారు. 2004లో యూరపు మానవ హక్కుల న్యాయస్థానం, అది స్వేచ్ఛను హరించడమేనని తీర్పు చెప్పింది. ఆ తరువాత 2009లో ప్రత్యేక రక్షణలు అమలుకు వచ్చాయి. వాటి కింద పరీక్షించే పనికి సామాజిక కార్యకర్తలు, నర్సులు, వృత్తి చికిత్సకులు, మానసిక శాస్త్ర నిపుణులు ప్రత్యేక శిక్షణ పొంది వస్తారు. ఇక్కడ కూడా చూడండి, తప్పు మొదలైంది ఎదురు చెప్పకపోవడాన్ని ఒప్పుదల అనుకోవడం దగ్గరే.

మన దగ్గర కూడా దారి చూపినవారు ఉన్నారు. కీల్పాక్ సంస్థకు అధిపతిగా పనిచేసిన డాక్టర్ శారదా మీనన్ 1984లో స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థను నెలకొల్పారు. అది అంబత్తూరుకు దగ్గరలోనే, అణ్ణానగర్ పశ్చిమంలో ఉంది. 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ ప్రారంభించిన బ్యానియన్ సంస్థ, వీధుల్లో తిరుగాడే మానసిక రోగులైన స్త్రీలకు ఆశ్రయమిచ్చింది. ఆ ఆశ్రయం మన పక్కనున్న మొగప్పేరులోనిదే. ఊరుగాని ఊరిలో, భాషగాని భాష నడుమ దొరికిన మనిషితో పనిచేయాలంటే ముందు ఆమె భాష ఏదో కనుక్కోవాలి. తన ఊరి పేరు తన యాసలో చెప్పినప్పుడే ఇంటి దారి తెలుస్తుంది.

చట్టం ప్రకారం నిర్ణయ సామర్థ్యం అంచనాకు మార్గదర్శక పత్రాన్ని నిపుణుల సంఘం తయారుచేయాలి, వైద్యులందరూ దానిని పాటించాలి. ప్రభుత్వ వైద్యాధికారులకు మానసిక వైద్యంలో కనీస శిక్షణ ఇవ్వాలని కూడా చట్టం చెబుతుంది. నా మనవి ఏమిటంటే, మన సరిహద్దు జిల్లాల ఆసుపత్రుల్లో ఈ శిక్షణకు రెండు భాషలూ కలపాలి. తిరువళ్ళూరులో పనిచేసే నర్సుకు నాలుగు తెలుగు ప్రశ్నలు, తిరుపతిలో పనిచేసే నర్సుకు నాలుగు తమిళ ప్రశ్నలు రావాలి. 'అవసరం' వంటి మాటలు ఎక్కడ మోసం చేస్తాయో తెలియాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

శ్రోతలు చేయవలసింది కూడా ఉంది. పెద్దవారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళేటప్పుడు కళ్ళజోడు, వినికిడి యంత్రం, వాడుతున్న మందుల చీటీ మరచిపోవద్దు. 'మాకు తెలుగులో చెప్పండి' అని అడగడానికి మొహమాటపడవద్దు, అది చట్టం ఇచ్చిన హక్కు. ఆస్తి తగవు ఉన్న బంధువు చేత అనువాదం చేయించవద్దు. డాక్టరు రోగిని అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పవద్దు. ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేకపోతే 14416 అనే టెలి మానస్ నంబరుకు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు.

మా మామయ్య సంగతి సగంలో ఆపాను. ఆ సాయంత్రం డ్యూటీకి వచ్చిన నర్సుది సత్యవేడు వైపు. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆయన మంచి చెవి వైపు కూర్చుని, "తాతా, డాక్టరు ఏం చెప్పినాడో నువ్వు నాకు చెప్పు" అంది.

మామయ్య కాసేపు ఆగి చెప్పారు. "మనసు జబ్బంటమ్మా. మాత్రలు మింగాలంట. పది పదైదు దినాలు ఈడ ఉండాలంట. లేకుంటే తిండి లేక ఇంకా చిక్కిపోతానంట. నేనేం కాదన్లేదే. వచ్చే బుధవారం మా ఆడదాని సంవత్సరీకం. మగబిడ్డలు లేరు, కర్తను నేనే. ఆ కార్యం ఇడిచిపెట్టి ఈడ పండుకుంటే ఏ మందూ నాకు పట్టదు."

ఆ అమ్మాయి భయపడకుండా అడగవలసిందీ అడిగింది. "చచ్చిపోవాలని అనిపిస్తా ఉందా తాతా?"

"ఆమె పోయిన కొత్తలో అనిపించింది. ఇప్పుడు లేదు."

ఆమె ఆ మాటలన్నీ తమిళంలోకి మార్చి, ఒక్కటీ కలపకుండా, ఒక్కటీ తీయకుండా వైద్యుడికి చెప్పింది. ఆయన వచ్చి మళ్ళీ మాట్లాడాడు, ఈసారి నెమ్మదిగా. తన రాతను కొట్టివేసి కొత్తగా రాశాడు. మందులు ఆ రోజే మొదలుపెట్టాలని, బుధవారం వరకు ఒక్కరినే వదలకూడదని నాకు చెప్పాడు. నేను పెట్టిన సంతకం ఉన్న కాగితాన్ని నాకు తిరిగి ఇచ్చేశాడు.

గురువారం పొద్దున మామయ్య తిరుత్తణిలో లోకల్ ఎక్కి, తోడు వచ్చిన మా తమ్ముడితో అంబత్తూరులో దిగారు. ఆసుపత్రి కాగితం మీద ఈసారి తన సంతకం తానే పెట్టారు. అక్షరాలు వంకరగా ఉన్నాయి గాని, పేరు మాత్రం పూర్తిగా రాశారు.